ఉప్పల్ టెస్టు: 190 పరుగుల ఆధిక్యం ఉండి కూడా ఎలా ఓడిపోయాం?

ఉప్పల్‌వాసి (ప్రశ్న)

2024 జనవరి 28న నాలుగో రోజు ఆట చూడటానికి మా నాన్నగారితో కలిసి ఉప్పల్ స్టేడియానికి వెళ్లాను. అంతకు ముందు అక్కడ ఆడిన ఐదు టెస్టుల్లో నాలుగు గెలిచి ఒకటి డ్రా చేసుకున్న మన జట్టు, ఆ సాయంత్రం ఇంగ్లండ్ చేతిలో 28 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఇంగ్లండ్ తొలి ఇన్నింగ్స్‌లో 246కు ఆలౌటయితే మనం 436 చేశాం. స్వదేశంలో వందకు పైగా ఆధిక్యం దక్కిన టెస్టును భారత్ అప్పటి వరకు ఎన్నడూ ఓడిపోలేదు. ఇంగ్లండ్ రెండో ఇన్నింగ్స్‌లో 420 చేయడంతో ఎదురైన 231 పరుగుల లక్ష్యాన్ని అందుకోలేక 202కే ఆలౌటయ్యాం కాబట్టి అందరూ చివరి రోజు బ్యాటింగ్‌నే తప్పుపడుతున్నారు. నాకు అది సగం నిజమే అనిపిస్తోంది. ఆట అసలు ఎక్కడ చేజారిందో తెలిసినవారు వివరించగలరా?

పాత స్కోరుబుక్కు

నా దృష్టిలో ఆట రెండో రోజే చేజారడం మొదలైంది. యశస్వి జైస్వాల్ 80, కె.ఎల్. రాహుల్ 86, రవీంద్ర జడేజా 87 చేశారు గాని, ముగ్గురిలో ఒక్కరూ సెంచరీ దాకా వెళ్లలేదు. రాహుల్, శ్రేయస్ అయ్యర్ ఇద్దరూ కుదురుకున్నాక ఎత్తి కొట్టబోయి బౌండరీ దగ్గర క్యాచ్ ఇచ్చారు. మూడో రోజు ఉదయం 421/7తో (ఏడు వికెట్లకు 421) మొదలుపెట్టి, మిగిలిన మూడు వికెట్లనూ 15 పరుగులకే పోగొట్టుకున్నాం. బ్యాటింగ్‌కు పిచ్ అనుకూలంగా ఉన్నప్పుడు మరో 70 పరుగులు వదిలేశామని కోచ్ రాహుల్ ద్రవిడ్ కూడా మ్యాచ్ తర్వాత అన్నారు. మనం ఓడింది 28 పరుగులతోనే కదా.

స్వీప్‌షాట్

స్కోరుబుక్కు గారి లెక్కను కాదనను, కానీ 190 ఆధిక్యం చాలదని అనడం ఇంగ్లండ్ బ్యాటర్ ఓలీ పోప్ రెండో ఇన్నింగ్స్‌లో ఆడిన ఆటను తక్కువ చేయడమే అవుతుంది. ఆ ఇన్నింగ్స్‌లో బుమ్రా రివర్స్ స్వింగ్‌తో (పాతబడిన బంతిని గాల్లో వంచి) డకెట్‌ను, రూట్‌ను పంపించాడు, అశ్విన్ బంతికి కెప్టెన్ స్టోక్స్ బౌల్డయ్యాడు. అప్పటికి ఇంగ్లండ్ 163/5, ఇంకా 27 పరుగులు వెనకే ఉంది. అక్కడి నుంచి చివరి ఐదు వికెట్లకు 257 పరుగులు వచ్చాయి. పోప్ ఫోక్స్‌తో 112, రెహాన్ అహ్మద్‌తో 64, హార్ట్‌లీతో 80 పరుగులు జోడించి, 196 వద్ద చివరి వికెట్‌గా వెనుదిరిగాడు.

జడేజా, అక్షర్‌ల బంతి కుడిచేతి బ్యాటర్‌కు బయటి వైపు తిరుగుతుంది. పోప్ ఆ తిరుగుడుకు ఎదురు వెళ్లకుండా, రివర్స్ స్వీప్‌తో (మామూలు స్వీప్‌కు ఎదురు దిక్కుకు బ్యాట్ తిప్పి ఊడ్చినట్టు కొట్టే షాట్) అది వెళ్లే వైపుకే కొట్టాడు. అతడి కోసం ఫీల్డర్‌ను అటు పంపితే మామూలు స్వీప్‌కు ఇటు ఖాళీ దొరికింది, లెంగ్త్ (బంతి నేలను తాకే చోటు) మారిస్తే పరుగులు సులువుగా వచ్చాయి. బంతి తిరిగినా నెమ్మదిగా తిరిగే పిచ్ కావడంతో ఆ షాట్‌కు అతనికి సమయం కూడా చిక్కింది. మన స్పిన్నర్ల దగ్గర దానికి రెండో ఉపాయం కనిపించకపోవడమే నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. పైగా 110 వద్ద జడేజా బౌలింగ్‌లో అతడిచ్చిన క్యాచ్‌ను అక్షర్ జారవిడిచాడు. ఆ ఒక్క క్యాచ్ తర్వాత పోప్ ఒక్కడే 86 పరుగులు చేశాడు.

విశాఖ అభిమాని

లక్ష్య ఛేదనను కూడా అంత తేలికగా వదిలేయకండి. తొలి ఇన్నింగ్స్‌లో 131 పరుగులిచ్చిన ఇంగ్లండ్ స్పిన్నర్ టామ్ హార్ట్‌లీకి అది మొదటి టెస్టు. జైస్వాల్ అతడి తొలి బంతినే సిక్సర్ కొట్టాడు. అయినా స్టోక్స్ అతణ్ణి పక్కన పెట్టలేదు. రెండో ఇన్నింగ్స్‌లో హార్ట్‌లీ 62 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. వికెట్ పడకుండా 42 చేసిన మనం, ఒకే ఓవర్లో జైస్వాల్‌ను, గిల్‌ను కోల్పోయాం. 95/3 నుంచి 119/7కు చేరాం, మధ్యలో స్టోక్స్ నేరుగా వికెట్లను గురిచూసి కొట్టడంతో జడేజా రనౌటయ్యాడు. కోహ్లి వ్యక్తిగత కారణాలతో ఆడని ఆ మిడిలార్డర్‌లో నిలబడి ఆడే బ్యాటర్ లోటు స్పష్టంగా తెలిసింది.

మా ఊరివాడైన కె.ఎస్. భరత్, అశ్విన్ చెరో 28 చేసి ఎనిమిదో వికెట్‌కు 57 పరుగులు జోడించారు. అదే పిచ్ మీద అంతసేపు కాళ్లు కదిపి ఆడటం సాధ్యమని ఎనిమిదో వికెట్ జోడీ చూపించిందంటే, పైవరుస వారికి పిచ్ సాకు కాదని నా వాదన.

ఉప్పల్‌వాసి

అందరికీ కృతజ్ఞతలు. భరత్, అశ్విన్ ఆడుతున్నప్పుడు మా చుట్టుపక్కల ఉన్నవారెవరూ సీట్లలో కూర్చోలేదు, చివరి వికెట్‌కు బుమ్రా, సిరాజ్ 25 పరుగులు జోడించేటప్పుడు కూడా ఆశ వదల్లేదు. మన హైదరాబాదీ సిరాజ్ ముందుకొచ్చి స్టంపౌట్ కావడంతో ఆట ముగిసింది. మీ జవాబులు చదివాక నేను స్వీప్‌షాట్ గారి వైపే మొగ్గుతున్నాను. 163/5 దగ్గర ఇంగ్లండ్‌ను మరో వంద పరుగుల్లో ఆపి ఉంటే మన లక్ష్యం 74 పరుగులే అయ్యేది.