మైనస్ 17 శాతం కూడా ‘సాధారణ వర్షపాతమే’నా?

చెలకరైతు (దేవరకొండ): పోయిన నెల వర్షపాతం పట్టికలో మా మండలం ‘సాధారణం’ అని ఉంది. పక్కన చూస్తే మైనస్ 17 శాతం. వాతావరణ శాఖ లెక్కలో మైనస్ 19 నుంచి ప్లస్ 19 దాకా అంతా సాధారణమే. అంటే 100 మి.మీ. పడాల్సిన చోట 81 పడినా, 119 పడినా ఒకటే పేరు. 80 పడితే మాత్రం లోటు. ఈ పేర్లు తీసేసి అంకెలే ఇవ్వాలి.

లెక్కలసారు (జడ్చర్ల): ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా అన్నా. పదో తరగతిలో 35 వస్తే పాస్, 34 వస్తే ఫెయిల్. మా అమ్మకు శాతాలు తెలియవు. ‘భారీ వర్షం’ అంటే మాత్రం వెంటనే వడ్ల మీద టార్పాలిన్ కప్పుతుంది. 24 గంటల్లో 64.5 మి.మీ. పడితేనే భారీ అంటారని ఆమెకు తెలియాల్సిన పనేముంది?

నల్లగొండవాసి: ఆరెంజ్ అలర్ట్ అంటే సిద్ధంగా ఉండమని. జనానికి అది చాలు.

చెలకరైతు: నేను అలర్టుల గురించి మాట్లాడానా? అది రేపటి వాన సంగతి. నేను అడిగేది పడి పోయిన వాన సంగతి.

లెక్కలసారు: శాతం పక్కనే ఉందని మీరే అన్నారు. చదువుకోవడానికి ఎవరు అడ్డం పడ్డారు?

చెలకరైతు: చదివే ఆఫీసుకు పోయాను సారూ. మూడెకరాల దుబ్బ చెలకలో, అంటే పదును నిలవని ఇసుక నేలలో, పత్తి గింజలు పెట్టాను. మొలిచాక 22 రోజులు చినుకు లేదు. మొలకలన్నీ మాడిపోయాయి. అప్పు తెచ్చి మళ్లీ గింజలు కొన్నాను. నెలాఖరున రెండు రోజులు కుండపోత. అంతా కూడితే సాధారణం. ‘మీ దగ్గర వర్షం సాధారణమే కదా’ అని నా పంట నష్టం దరఖాస్తు తిప్పి ఇచ్చారు. మీ అమ్మకు అర్థమయ్యే ఆ మాటే నా కొంప ముంచింది.

లెక్కలసారు: మా అమ్మ జోలికి రాకండి. మైనస్ 17 అని రాసి ఉన్నా ఆ 22 రోజులు కనబడతాయా? మీ గొడవ పేరుతో కాదు, నెలంతా కలిపి కూడడంతో. అది మొదట్లోనే చెప్పాల్సింది.

రేగడిబిడ్డ: మాదీ ఆ మండలమే. నల్లరేగడి, పదును నిలిచింది, పత్తి దక్కింది.

చెలకరైతు: అవును, కూడడంతోనే. వాన లేని రోజులెన్నో కూడా పట్టికలో రాయాలి.

లెక్కలసారు: రాస్తే దానికీ గీత కావాలి. చెలకకు ఎన్ని రోజులు, రేగడికి ఎన్ని? ఎవరు చెబుతారు?

చెలకరైతు: నేను చెబుతాను. నా చెలకకు పది రోజులు. పదకొండో రోజు మొలక తల వాలుస్తుంది.