తులూజ్ నుంచి సముద్రం దాకా గ్రావెల్ బైక్ మీద: కాలవ గట్టా, నల్ల కొండా?

తులూజ్ శ్రీను:
అందరికీ నమస్తే. అక్టోబర్ రెండో వారంలో హైదరాబాద్ నుంచి ఇద్దరు ఫ్రెండ్స్ వస్తున్నారు, ముగ్గురం తులూజ్‌లో బయల్దేరి మెడిటరేనియన్ దాకా గ్రావెల్ బైకుల (తారు మీదా మట్టి దారుల్లోనూ పోయేవి) మీద వెళ్దామని ప్లాన్, చేతిలో 6 రోజులున్నాయి. దారి దగ్గరే గొడవ. ఒకడేమో కనాల్ దు మిదీ అనే పాత కాలవ గట్టు పట్టుకుని తిన్నగా సముద్రం ఒడ్డున సెత్ దాకా పోదాం, 240 కిలోమీటర్లు, ఎక్కుళ్ళు లేవు అంటాడు. ఇంకొకడు గట్టు మీద పోవడానికి గ్రావెల్ బైక్ దేనికిరా, మొంతాన్ నువార్ (నల్ల కొండ) ఎక్కి, మాజామె ఊళ్ళో దిగి, అక్కణ్ణుంచి పాసా పాయిస్ మీద బెదార్యూ ఊరి దాకా పోదాం అంటాడు. పాసా పాయిస్ అంటే పాత రైలు మార్గాన్ని సైకిల్ దారి చేశారు, 75 కిలోమీటర్ల పైచిలుకు. నేను నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నా, కాలవ వెంట 50 కిలోమీటర్లుండే నొరూజ్ దాటి సైకిల్ మీద వెళ్ళలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. ముగ్గురిలో ఒకడికి రోజూ 40 కిలోమీటర్లు దాటితే కష్టం, అదీ మనసులో పెట్టుకోండి.

పెడల్ పంతులు:
కొండే, ఆలోచించక్కర్లేదు. తులూజ్ నుంచి పోర్ లోరాగే దాకా 50 కిలోమీటర్లు కాలవ పక్కన మొత్తం తారు, పక్కనే హైవే మోత, రోడ్ బైక్ మీద రెండు గంటల్లో అయిపోయే పని. తర్వాత మట్టి మొదలవుతుంది నిజమే కానీ అదే నీళ్ళు, అదే గట్టు, అదే మలుపు, మూడో రోజుకి ముగ్గురూ మాట్లాడుకోవడం మానేస్తారు. వాళ్ళు అంత దూరం నుంచి వస్తున్నారు, ఫ్రాన్స్ పల్లెలంటే ఏంటో చూపించాలి కదా. అడవి దారులు, రాతి ఊళ్ళు, ఒక్క బేకరీ ఉన్న ఊరు, అవన్నీ కొండ మీదే ఉన్నాయి.

కోనసీమ కుర్రాడు:
పంతులు గారూ, మీ మాట అస్సలు ఒప్పుకోనండి. కాలవ గట్టు బోరు అన్నవాళ్ళు దాన్ని సరిగ్గా చూడలేదనే అంటాను. మాది అమలాపురం దగ్గర, చిన్నప్పుడు గట్టు మీద సైకిలేసుకుని లాకుల దాకా పోయి, నీళ్ళ మట్టంతో పాటు పడవలు పైకి లేవడం కిందికి దిగడం చూసేవాళ్ళం. కనాల్ దు మిదీ మీద మొదటి లాకు దగ్గర సైకిల్ ఆపినప్పుడు నాకు ఊరొచ్చినట్టే అనిపించింది. మన లాకుకి గోడలు తిన్నగా ఉంటాయి, ఇక్కడ కోడిగుడ్డు ఆకారంలో బయటికి ఉబ్బి ఉంటాయి, మట్టి ఒత్తిడికి గోడ కూలకుండా అలా కట్టారు. లాకు పక్కన లాకు మనిషి ఇల్లు, దాని మీద చిన్న పలక, దాని మీద వెనకటి లాకు ఎంత దూరం, ముందుది ఎంత దూరం రాసి ఉంటుంది. ఆ అంకెలు చూసుకుంటూ తొక్కుతుంటే దూరం తెలియదు. 1667లో మొదలెట్టి 1681లో నీళ్ళు వదిలారు, కట్టించిన పియేర్ పోల్ రికే ఉప్పు పన్ను వసూలు చేసే ఆయన, ఇంజనీరు కూడా కాదు, కాలవ తెరవడానికి కొన్ని నెలల ముందు పోయాడు. మన ధవళేశ్వరం ఆనకట్ట కంటే 170 ఏళ్ళ ముందు మాట ఇది. బెజియే దగ్గర ఫోన్సెరాన్ లాకుల మెట్లు దిగకుండా ఈ రైడ్ చేశామంటే నేను లెక్కలో వెయ్యను.
ఇంకోటి, మీ ఫ్రెండ్‌కి అలవాటు లేదన్నారు. కాలవ పక్కనే చాలా దూరం తులూజ్ నార్బోన్ రైలు లైన్ ఉంటుంది, కాళ్ళు పట్టేస్తే కాస్తెల్నొదారీలోనో కార్కసోన్‌లోనో రైలెక్కించెయ్యొచ్చు. కొండ మీద చేతులెత్తేస్తే ఏం చేస్తారు?

బెజియే లక్ష్మి:
నేను బెజియేలో ఉంటాను, రెండు దార్లూ చాలాసార్లు తొక్కాను. కోనసీమ తమ్ముడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు కానీ తను ఏ సంవత్సరం వెళ్ళాడో తెలీదు, ఇప్పుడు గట్టు అలా లేదు. కాలవ ఫోటోల్లో రెండు పక్కలా పందిరిలా కనిపించే ప్లాటేన్ చెట్లకి తెగులొచ్చింది. 2006లో కార్కసోన్ పక్కన త్రెబ్ ఊరి దగ్గర బయటపడింది, బూజు లాంటిది, నీళ్ళలో పాకుతుంది, పడవ తాళ్ళు ఒరుసుకున్న వేర్ల గుండా చెట్టులోకి పోతుంది. మందు లేదు, కొట్టేసి కాల్చెయ్యడమే. మొత్తం 42 వేల చెట్లలో సగానికి పైగా పోయాయి. కార్కసోన్ దాటాక మైళ్ళకి మైళ్ళు బోడి గట్టు, కొత్తగా నాటిన మొక్కలు భుజం ఎత్తున్నాయి. మొదటిసారి ఆ మొద్దుల వరస చూసినప్పుడు నేను సైకిల్ దిగి కాసేపు అలా నిలబడిపోయాను. చెట్లున్న చోట వేర్లు దారికి అడ్డంగా అరచేయి మందాన లేచి ఉంటాయి, 35 ఎంఎం టైర్‌తో వెళ్తే ఒక గంటలో మణికట్లు తిమ్మిరెక్కుతాయి. 45కి తగ్గకండి, గాలి తక్కువ పెట్టుకోండి.
గాలి అన్నాను కాబట్టి అసలు గాలి సంగతి. తులూజ్ దాటాక వచ్చే లోరాగే ప్రాంతంలో ఓతాన్ అని ఆగ్నేయం నుంచి కొడుతుంది, మీరు వెళ్ళేది సరిగ్గా దానికి ఎదురు. మొదలెడితే రోజుల తరబడి ఆగదు. చదునుగా ఉంది సుఖం అనుకునేవాళ్ళు ఓతాన్‌లో 60 కిలోమీటర్లు తొక్కి చూడాలి, కొండ ఎక్కడం నయం అంటారు. కార్కసోన్ దాటాక పడమటి గాలి సెర్స్ దొరికిందా, అది తోసుకుపోతుంది.

వరంగల్ వీల్స్:
అందరు చెట్లు గాలి అంటున్నరు గని అక్టోబర్ల అసలు మాట ఎవ్వరు తీస్తలేరు. వేట! సెప్టెంబర్ల షురూ అయితది ఫిబ్రవరి ఆఖరు దాంక. మొంతాన్ నువార్ అంటే అడవి పందులకు ఫేమస్, వేటగాళ్ళు గుంపులు గుంపులు అడివిని చుట్టి కుక్కలతోని వాటిని తోల్కొస్తరు. పోయినేడు నేను సండే పొద్దుగాల అడివి తొవ్వల పోతుంటె మూల మలుపు కాడ ‘వేట నడుస్తుంది’ అని బోర్డు, నారింజ జాకెట్ల ముసలాయన ఒకాయన తుపాకి పట్టుకుని స్టూల్ మీద కూసున్నడు. భయమైంది అన్నా, అబద్ధం చెప్పొద్దు. ఆయన మంచోడే, చెయ్యి ఎత్తి ఆపి, వాకీటాకీల మాట్లాడి, ఇరవై నిమిషాలు ఆపి పోనిచ్చిండు. తర్వాత తెలిసింది ఏందంటే శని ఆదివారాలు ఎక్కువ, వారం మధ్యల తక్కువ. కొండ మీద పోతరా, మంగళవారమో గురువారమో పోండ్రి, మెరిసే జాకెట్ వేస్కోండ్రి, హెడ్‌ఫోన్ పెట్టకుండ్రి. బోర్డు కనవడితె వెనకకు తిరుగుడే, మ్యాప్ల తొవ్వ ఉన్నదని వాదం పెట్టుకోవద్దు.

పెడల్ పంతులు:
మ్యాప్ మాట వచ్చింది కాబట్టి, యాప్‌లో గీత కనిపించినంత మాత్రాన అది అందరి దారి కాదు. ఊరి పంచాయితీ దారి, షెమాన్ రురాల్ అంటారు, అందులో ఎవరైనా పోవచ్చు. పొలాల వాళ్ళు పొలాలకి వెళ్ళడానికి ఉంచుకున్న షెమాన్ దెక్స్‌ప్లువాతాసియోన్ మాత్రం వాళ్ళ సొంతం, మూసెయ్యొచ్చు. ఇక 2023 ఫిబ్రవరి చట్టం వచ్చాక ప్రైవేట్ అడవి అని బోర్డు పెట్టిన చోట లోపలికి పోతే జరిమానా కూడా ఉంది. ఎరుపు తెలుపు గీతల జీఆర్ దారులు నడిచేవాళ్ళ కోసం గుర్తు పెట్టినవి, కొన్ని చోట్ల సైకిల్ మోసుకోవాలి.

కోనసీమ కుర్రాడు:
చూశారా, తుపాకులు, జరిమానాలు, మోసుకోవడాలు. మీరే నా తరఫున చెప్పేశారు పంతులు గారూ. గట్టు మీద ఇవేమీ ఉండవండి.

బెజియే లక్ష్మి:
తమ్ముడూ, నువ్వు లాకులంటే అంత ఇష్టపడతావు కదా, ఒక్కటి అడుగుతా. ఆ లాకుల్లోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? కాలవ ఎత్తుగా ఉన్న చోట పక్కన పెద్ద ఏరేం లేదు. నొరూజ్ దగ్గర 189 మీటర్ల ఎత్తులో కాలవ శిఖరం, అక్కణ్ణుంచి ఒక వైపు నీళ్ళు అట్లాంటిక్‌కి, ఇంకో వైపు మెడిటరేనియన్‌కి. ఆ శిఖరానికి నీళ్ళు తేవడమే రికే పట్టిన అసలు చిక్కు. మొంతాన్ నువార్‌లో వాగులన్నీ పట్టి, సాన్ ఫెరియోల్ దగ్గర చెరువు కట్టి, పిల్లకాలవల్లో దించి తెచ్చాడు. వాటిని రిగోల్ అంటారు. నొరూజ్ నుంచి రెవెల్ ఊరి వైపు పోయే మైదానం రిగోల్ దాదాపు 38 కిలోమీటర్లు, పక్కనే మట్టి దారి ఉంది, నీడ ఉంది, ఓతాన్ సగం ఆగిపోతుంది. నీళ్ళు వాటంతటవి పారాలి కాబట్టి వాలు అంత సన్నగా పెట్టారు, ఎక్కుతున్నట్టే తెలియదు.
నాకైతే మీరు కాలవా కొండా అని తగువులాడుకోవడమే సరిగ్గా అనిపించట్లేదు, ఒకే నీళ్ళు కదా. నొరూజ్ దాకా గట్టు మీద రండి, అక్కణ్ణుంచి నీళ్ళు వచ్చిన దారినే పైకి పొండి. రెవెల్ నుంచి సాన్ ఫెరియోల్‌కి ఒక 3 కిలోమీటర్లు గట్టిగా ఎక్కాలి. తర్వాత లె కమాజ్ ఊళ్ళో వోబాన్ సొరంగం, పిల్లకాలవ కొండలోంచి దూరి బయటికొస్తుంది, 122 మీటర్లు. ఆపైన కొండ రిగోల్, బీచ్ చెట్ల కింద, అక్టోబర్‌లో ఆకులన్నీ రాగి రంగు, నీళ్ళు చప్పుడు లేకుండా మీకు ఎదురుగా దిగుతుంటాయి. అల్జో దగ్గర మొదటి తూము, రాయి కట్టుబడి, అంత పెద్ద కాలవకి ఇదా మొదలు అనిపించేంత చిన్న వాగు.

వరంగల్ వీల్స్:
అక్క చెప్పింది మస్తుంది. ఒక్కటే, కొండ రిగోల్ కాడ తొవ్వ కొన్ని చోట్ల సన్నగుంటది, రాలిన ఆకుల కింద వేర్లు కనవడయి, వానవడితె జారుతది. పక్కన నడిసెటోళ్ళుంటె దిగి నడువుండ్రి. అల్జో కాంచి మాజామెకు ఫారెస్ట్ రోడ్ పట్టుకోండ్రి, దిగుడు పొడుగు ఉంటది, బ్రేక్ ప్యాడ్‌లు ముందే చూస్కోండ్రి.

కోనసీమ కుర్రాడు:
లక్ష్మి అక్కా, తూము దాకా పోయి చూడాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. సిగ్గుగానే ఉంది. శ్రీను గారూ, అలాగే వెళ్ళండి. కానీ వాన సంగతి మాత్రం వినండి, 2018 అక్టోబర్‌లో ఒక్క రాత్రి వానకి త్రెబ్ మునిగిపోయింది. మెతేయో ఫ్రాన్స్ (ఇక్కడి వాతావరణ శాఖ) హెచ్చరికల మ్యాప్‌లో నారింజ రంగు కనబడితే వాగుల పక్కకి పోకండి, రెవెల్‌లోనే ఉండిపోండి.

తులూజ్ శ్రీను:
అందరికీ చాలా థాంక్స్, ముగ్గురం కాల్‌లో కూర్చుని ఇదంతా చదువుకున్నాం. సోమవారం తులూజ్ నుంచి నొరూజ్, తారు మీదే కాబట్టి అలవాటు లేనివాణ్ణి సగం దాకా రైల్లో తీసుకొస్తాం. మంగళవారం రిగోల్ పట్టుకుని రెవెల్. బుధవారం సాన్ ఫెరియోల్, అల్జో తూము, మాజామె, వాడికి బరువైన రోజు ఇదొక్కటే, వాడి బ్యాగ్ మేం పంచుకుంటాం. గురువారం, శుక్రవారం పాసా పాయిస్, మధ్యలో సాన్ పోన్స్‌లో పడుకుని బెదార్యూ. అక్కడ రైలెక్కి బెజియే, శనివారం పొద్దున ఫోన్సెరాన్ లాకులు చూసి సముద్రానికి ఆఖరి 15 కిలోమీటర్లు. లక్ష్మి గారూ, సోమవారం పల్లెల్లో బేకరీలు మూసేస్తారు కదా, నొరూజ్ దగ్గర రాత్రి తిండికి ఏం చెయ్యమంటారు? నీళ్ళకి శ్మశానాల్లో కుళాయిలుంటాయని విన్నాను, అది నిజమేనా?

బెజియే లక్ష్మి:
నిజమే, పల్లెల్లో ఎక్కువగా శ్మశానం గేటు లోపలే కుళాయి ఉంటుంది, మంచినీళ్ళు కాదు అని రాసి ఉంటే మాత్రం పట్టుకోకండి. సోమవారం రాత్రికి తులూజ్‌లోనే బ్రెడ్డు, చీజ్ కొనుక్కుని బయల్దేరండి. శనివారం పొద్దున లాకుల దగ్గర నేనూ వస్తాను, ఎన్నింటికి చేరతారో ముందు రోజు మెసేజ్ పెట్టు శ్రీనూ.