మడపాంలో టోల్, బంకులో సెస్సు: రెండూ దేనికి? పాసు ఏది మేలు?

ప్రశ్న (నరసన్నపేట బజారు):
కాపురం నరసన్నపేట, ఉద్యోగం శ్రీకాకుళం. నెలకి పాతిక రోజులు కారులో మడపాం టోల్ దాటి వెళ్ళి రావాలి. సందేహాలు మూడు. బండి కొన్నప్పుడే లైఫ్ టాక్సు కట్టేసేం, పెట్రోలు పోయించిన ప్రతిసారీ రోడ్డు సెస్సు కడుతున్నాం, మళ్ళీ ఈ టోల్ దేనికి? నెల పాసు, ఏడాది పాసు అంటున్నారు, వీటిలో ఏది కలిసొస్తుంది? చిలకపాలెం-రాజాం-రామభద్రపురం రోడ్డుకి కూడా ప్రైవేటు వాళ్ళని తెచ్చి టోల్ పెడతారంటున్నారు, అదే జరిగితే మనకి ఒరిగేదేటి, పోయేదేటి? తెలిసినవాళ్ళు అంకెలతో చెప్పగలరు.

మైలురాయి:
పాసు సంగతి ముందు చూద్దాం, డబ్బు ఈ నెల నుంచే మిగులుతుంది.

జాతీయ రహదారుల రుసుము నిబంధనలు (2008) ప్రకారం ప్లాజాకి 20 కిలోమీటర్ల లోపు ఉంటున్నవాళ్ళకి, తెల్ల నంబరు ప్లేటు సొంత కారుకి స్థానిక నెల పాసు ఇవ్వాలి. 2007-08లో దాని ధర రూ. 150. ఏటా ఏప్రిల్ 1న పెరుగుతూ 2025-26కి రూ. 350 అయింది. నెలలో ఎన్నిసార్లు దాటినా అంతే. పాసు మీద రాసి ఉన్న ప్లాజా ఒక్కదానికే చెల్లుతుంది.

ఏడాది పాసు 2025 ఆగస్టు 15న మొదలైంది. మొదలైనప్పటి ధర రూ. 3,000. ఏడాది గడిచినా, 200 సార్లు దాటినా, ఏది ముందైతే అక్కడితో సరి. జాతీయ రహదారుల మీద ఏ ప్లాజాలోనైనా చెల్లుతుంది, రాష్ట్ర రహదారి టోల్‌కి మాత్రం చెల్లదు. మడపాం, నాతవలస లాంటి చోట్ల వెళ్ళడం ఒకటి, రావడం ఇంకొకటి కింద లెక్క. అంటే ఆ మొదటి ధరలో దాటిన ప్రతిసారీ 15 రూపాయలు.

మీరు నెలకి 50 సార్లు దాటుతున్నారు. ఏడాది పాసు నాలుగు నెలలకే ఖాళీ. ఏడాదికి మూడు కావాలి, ఆ మొదటి ధరలో రూ. 9,000. స్థానిక పాసైతే 350 చొప్పున పన్నెండు నెలలకి రూ. 4,200. 350ని 15తో భాగించండి, 23 వస్తుంది. నెలకి 23 సార్లకి మించి దాటేవాళ్ళకి స్థానిక పాసు, అంతకన్నా తక్కువైతే ఏడాది పాసు. ధరలు మారినప్పుడు కొత్త అంకెలతో ఇదే భాగహారం చేసుకోండి.

టెక్కలి నుంచి వచ్చేవాళ్ళలా 20 కిలోమీటర్లు దాటిపోతే స్థానిక పాసు రాదు. వాళ్ళకి 50 ప్రయాణాల నెల పాసు ఉంది కానీ దాని ధర ఒకసారి టోల్‌కి 50 రెట్లలో మూడింట రెండు వంతులు. టోల్ వంద రూపాయలనుకుంటే సుమారు రూ. 3,333. అదే 50 సార్లు ఏడాది పాసులో, మొదటి ధరలో, రూ. 750కే అయిపోతాయి. సొంత కారుకి ఇప్పుడు 50 ప్రయాణాల పాసు తీసుకోవడం డబ్బు దండగ. ఎప్పుడో ఒకసారి వెళ్ళేవాళ్ళు మాత్రం 24 గంటల లోపు తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లేనని గుర్తుంచుకోండి.

ఆర్‌సీ సంచి:
లెక్క బాగుంది. చిక్కు కాగితాల దగ్గరొస్తుంది.

స్థానిక పాసుకి ఆర్‌సీ, చిరునామా రుజువు, బండికి అతికించిన ఫాస్టాగ్ పట్టుకెళ్ళండి. ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఆర్‌సీలో పాత చిరునామా ఉండడం వల్ల. విశాఖలో కొన్న బండి, ఆర్‌సీలో విశాఖ చిరునామా, మనిషి నరసన్నపేటలో. ఆధార్ ఒక్కటి చూపిస్తే కౌంటరులో ఒప్పుకోకపోవచ్చు, ముందు ఆర్‌సీలో చిరునామా మార్పించుకోండి. ఇంకో మాట, నిబంధనలో ఉన్నది క్యాలెండరు నెల. 20వ తేదీన డబ్బు కట్టే ముందు పాసు ఏ తేదీ వరకో అడిగి కట్టండి.

ఏడాది పాసు రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో గానీ జాతీయ రహదారుల సంస్థ వెబ్‌సైటులో గానీ తీసుకోవాలి. ఫాస్టాగ్‌కి పూర్తి రిజిస్ట్రేషను నంబరు జతపడి ఉండాలి. కొత్త కారుకి షోరూములో ఛాసిస్ నంబరు మీద ఇచ్చిన ట్యాగైతే పాసు పడదు, బ్యాంకు వాళ్ళ దగ్గర నంబరు ఎక్కించుకుని అప్పుడు కట్టండి. ఫాస్టాగ్‌లో ఉన్న సొమ్ముతో పాసు కొనడం కుదరదు, యూపీఐ లాంటి దారిలో విడిగా కట్టాలి. 200 అయిపోయాక దానంతటది పొడిగింపు కాదు, మామూలు ఫాస్టాగ్‌లా పూర్తి టోల్ కోసుకుంటుంది. కాబట్టి 180 దాటినప్పటి నుంచి యాప్‌లో మిగులు చూసుకుంటూ ఉండండి.

ట్యాగు బ్లాక్‌లిస్టులో ఉంటే గేటు ముందుకొచ్చి రీఛార్జి చేస్తే బేగి పనిచెయ్యదు, ఇంట్లో బయల్దేరేటప్పుడే చూసుకోవాలి. 2025 నాటి నియమం ప్రకారం ట్యాగు చెల్లకపోతే నగదుకి రెట్టింపు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు. ట్యాగు బాగుండి, సొమ్ము ఉండి, గేటు యంత్రమే చదవకపోతే మాత్రం పైసా కట్టక్కర్లేదు, సున్నా రసీదు ఇచ్చి పంపాలి. ఈ నియమం 2018 నుంచి ఉంది. కట్టమంటే అక్కడి నుంచే 1033కి ఫోన్ చెయ్యండి.

చక్రం లెక్క:
ఇక అసలు ప్రశ్న. లైఫ్ టాక్సు రాష్ట్ర ఖజానాకి పోయే మామూలు పన్ను, ఫలానా రోడ్డుకని దాని మీద రాసి ఉండదు. పెట్రోలు, డీజిలు మీదిది వేరు. కేంద్రం 1998 నుంచి రోడ్ల పేరుతో సెస్సు తీసుకుంటోంది, దానికి 2000లో చట్టం వచ్చింది. 2022 మేలో తగ్గించాక రోడ్డు, మౌలిక వసతుల సెస్సు పెట్రోలు లీటరుకి 5 రూపాయలు, డీజిలుకి 2. మన రాష్ట్రం వ్యాటు కాక రోడ్డు అభివృద్ధి సెస్సని లీటరుకి ఇంకో రూపాయి తీసుకుంటుంది.

లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారు పెట్రోలులో కిలోమీటరుకి 40 పైసలు సెస్సు కడుతోంది. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చే లారీ కట్టేది 75 పైసలు. ఆ 40 పైసలు వీధి రోడ్డు మీద తిరిగినా పుడతాయి, హైవే మీద తిరిగినా పుడతాయి. టోల్ ఆ రోడ్డు వాడినవాళ్ళకే. 2007-08లో నాలుగు వరుసల రోడ్డుకి కారు మూల రేటు కిలోమీటరుకి 65 పైసలు. దాని మీద ఏటా 3 శాతం (చక్రవడ్డీ కాకుండా), టోకు ధరల పెరుగుదలలో 40 శాతం కలుపుతారు. ఆ 3 శాతమే 2025-26 నాటికి, 18 ఏళ్ళకి, 54 శాతమయింది. బైపాసులకి, పెద్ద వంతెనలకి వేరే రేటు, చివర్న 5 రూపాయలకి సర్దుబాటు. అందుకే కిలోమీటర్లు గుణించి చూస్తే బోర్డు మీది అంకె సరిపోదు.

రోడ్డు అరుగుదలకి వస్తే రెండు పద్ధతులూ న్యాయంగా లేవు. అమెరికాలో 1958-60 మధ్య చేసిన రోడ్డు పరీక్షల్లో తేలిన సూత్రం, ఇరుసు బరువు పెరిగితే దెబ్బ సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది (బరువు రెండింతలైతే దెబ్బ పదహారింతలు). 10 టన్నుల లారీ ఇరుసు, 0.6 టన్నుల కారు ఇరుసు పక్కపక్కన పెడితే తేడా 77 వేల రెట్లు. సెస్సులో లారీ కారుకి రెండు రెట్లు కూడా కట్టడం లేదు. టోల్‌లో రెండిరుసుల లారీ మూల రేటు రూ. 2.20, అంటే 3.4 రెట్లు. టెక్కలి గ్రానైటు దిమ్మలు, వంశధార ఇసుక మోసే బండి 10 టన్నుల చోట 13 టన్నులు ఎత్తితే దెబ్బ దాదాపు మూడు రెట్లు. నిజానికి రోడ్డుని కాపాడేది టోల్ రేటు కన్నా తూకం కాటా. ఇంకొకటి నీళ్ళు పోయే కాలువ. తుపానుకి నీళ్ళు నిలిచిన తారు మీద మంచి లారీ కూడా గుంత చేస్తుంది.

బంకు రసీదు:
అలాగైతే టోల్ సొమ్ము కంపెనీకి పోతోందా, సర్కారుకా? అది తేలకుండా న్యాయం అన్యాయం ఎలా చెప్తాం?

చక్రం లెక్క:
ఒప్పంద రకాన్ని బట్టి. బీఓటీ పద్ధతిలో కంపెనీ అప్పు తెచ్చి రోడ్డు వేసి ఏళ్ళ తరబడి టోల్ తనే తీసుకుంటుంది, బండ్లు తగ్గితే నష్టం దానిదే. ఈపీసీలో సర్కారే డబ్బిచ్చి కట్టిస్తుంది. 2016లో హ్యాం అనే మిశ్రమ పద్ధతి వచ్చింది. కట్టేటప్పుడు ఖర్చులో 40 శాతం సర్కారు విడతలుగా ఇస్తుంది, మిగతా 60 కంపెనీ పెడుతుంది, దాన్ని 15 ఏళ్ళపాటు ఆరేసి నెలలకోసారి వడ్డీతో తీరుస్తారు. టోల్ మాత్రం సర్కారుది. మన నరసన్నపేట-రణస్థలం, రణస్థలం-ఆనందపురం ఆరు వరుసల పనులు రెండూ హ్యాంలోవే. నాలుగోది టీఓటీ, కట్టేసిన రోడ్డు మీద టోల్ హక్కుని ఒకేసారి పెద్ద మొత్తానికి ఇచ్చెయ్యడం. 2018లో మొదటి కట్టలో ఆంధ్ర, గుజరాత్ రోడ్ల ముక్కలు తొమ్మిదింటికి రూ. 9,681 కోట్లు వచ్చాయి.

కాబట్టి ప్రైవేటు సొమ్మంటే ఊరికే వచ్చిన సొమ్ము కాదు. కంపెనీ తెచ్చింది అప్పు. తీర్చేది టోల్ కట్టినవాడో, పన్ను కట్టినవాడో, ఇద్దరూనో.

మైలురాయి:
రాజాం రోడ్డు ప్రశ్నకి ఇదే ఆయువుపట్టు. 2024 నవంబరులో శాసనసభలో ముఖ్యమంత్రి రాష్ట్ర రోడ్లని ప్రైవేటుకిచ్చి టోల్ పెట్టే ఆలోచన చెప్పినప్పుడు టోల్ కార్లు, బస్సులు, లారీలకేనని, బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకి ఉండదని అన్నారు. మంచిదే. కానీ ఆ రోడ్డు మీద ఉదయం నిలబడి చూస్తే బైకులూ ఆటోలూ ట్రాక్టర్లే ఎక్కువ. టోల్ కట్టే బండ్లు తక్కువైనప్పుడు అప్పు తీరే దారి రెండే. ఒకటి రేటు పెంచడం, అప్పుడు కార్లు, లారీలు వేరే దారి చూసుకుని పల్లె రోడ్లని పాడుచేస్తాయి. రెండోది లోటుని సర్కారు నింపడం, అది మళ్ళీ మన పెట్రోలు సొమ్మే. బండ్లు దండిగా ఉన్న 16వ నంబరు హైవేకి టోల్ నప్పుతుంది. రాజాం, పాలకొండ లాంటి రోడ్లకి లీటరుకి కట్టే ఆ రూపాయిని ఖచ్చితంగా ఖర్చుపెడితే చాలా గుంతలు పూడతాయని నా అభిప్రాయం. విద్యుత్ బండ్లు పెరిగితే ఆ రూపాయి తగ్గిపోతుందన్నది మాత్రం కాదనలేం.

రాజాం లోడు:
మాది పసుపు ప్లేటు చిన్న గూడ్సు బండి, పాత ఏపీ 30 నంబరు. నాతవలసలో సగం టోల్ అడిగితే శ్రీకాకుళం బండి అంటున్నారు. ఏటి చెయ్యాలి?

ఆర్‌సీ సంచి:
ప్లాజా ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా చిరునామాతో ఆర్‌సీ ఉన్న వాణిజ్య బండికి సగం రుసుమే. నేషనల్ పర్మిట్ ఉంటే వర్తించదు. చూడాల్సింది ఆర్‌సీలో చిరునామా, నంబరు కాదు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక నంబరు చూసి జిల్లా చెప్పడం ఎలాగూ కుదరదు. 2022 ఏప్రిల్‌లో రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది, నాతవలస కూడా అదే జిల్లా. ఆర్‌సీలో ఇంకా శ్రీకాకుళం జిల్లా అని ఉంటే విజయనగరం అని మార్పించుకోండి. ఆ కాగితంతో ప్లాజా మేనేజరుకి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పాలకొండ, పార్వతీపురం వాళ్ళు ఇప్పుడు మన్యం జిల్లా కాబట్టి మడపాం, నాతవలస రెండు చోట్లా ఈ సగం రుసుము దొరకదు.

నరసన్నపేట బజారు:
నెల పాసు అడిగితే సర్వీసు రోడ్డు ఉంది, ఇవ్వం అంటే?

మైలురాయి:
సర్వీసు రోడ్డు గానీ వేరే దారి గానీ ఉంటే స్థానిక పాసు ఇవ్వక్కర్లేదని నిబంధనలోనే ఉంది. ఆ దారి నిజంగా ప్లాజాని దాటించి కలుపుతోందా అన్నదే తేల్చుకోవాలి. వంశధార మీద వంతెన దాటాల్సిన మీకు ఆ దారి ఎక్కణ్ణుంచి ఎక్కడికో చెప్పమని రాతలో అడగండి. జవాబు రాకపోతే జాతీయ రహదారుల సంస్థకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, రుసుము రూ. 10, గడువు 30 రోజులు. "ఎందుకు ఇవ్వరు" అని రాయొద్దు, కాగితాలు అడగండి: ఈ ప్లాజా గెజిట్ నోటిఫికేషను నకలు, టోల్ లెక్కకి తీసుకున్న రోడ్డు పొడవు, వంతెనలకి వేసిన రేటు, పనికి అయిన ఖర్చు, గత మూడేళ్ళ వసూలు ఏడాదివారీగా, స్థానిక పాసులు ఎన్ని ఇచ్చారు, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో. రాజాం రోడ్డు సంగతైతే రాష్ట్ర ఆర్ అండ్ బీ శాఖకి వేరే దరఖాస్తు. రాష్ట్ర కార్యాలయాల్లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో రూ. 5, ఆ పైన రూ. 10. ఇంజనీరు దగ్గరున్న బండ్ల లెక్కింపు నివేదిక అడగండి, అందులో బైకులు, ఆటోలు, లారీలు విడివిడిగా ఉంటాయి. ఆ కాగితం చేతికొస్తే టోల్ ఎవరి మీద పడుతుందో కూడికతో తేలిపోతుంది.