గ్రేడ్లు లేని ప్రభుత్వ కాలేజీ: ఎవర్‌గ్రీన్ ఇలాగే కొనసాగాలా?

బెల్‌వ్యూ నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి హైస్కూల్ చివరి ఏడాదిలో ఉంది. ఒలింపియాలోని ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీలో చేరతానని పట్టుబడుతోంది. అది వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీయే. కానీ అక్కడ గ్రేడ్లు ఉండవు. విడివిడి సబ్జెక్టుల బదులు క్వార్టర్ (సుమారు మూడు నెలల చదువు కాలం) అంతా 16 క్రెడిట్ల ‘ప్రోగ్రామ్’ ఒక్కటే తీసుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు కలిసి దాన్ని నడుపుతారు. చివర్లో మార్కుల జాబితా ఇవ్వరు, ఆ విద్యార్థి ఏం నేర్చుకున్నాడో టీచర్ రాసిన నివేదిక ఇస్తారు. ఒకప్పుడు నాలుగు వేలు దాటిన విద్యార్థుల సంఖ్య తర్వాత సుమారు సగానికి పడిపోయిందని తెలిసినప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది.

మా ఇంటి సంగతి పక్కన పెట్టి అడుగుతున్నాను. జనం పన్నులతో నడిచే కాలేజీ ఇంత భిన్నంగా ఉండొచ్చా? దాన్ని కూడా మిగతావాటిలా మార్చేయడమే మంచిదా?

పన్ను కట్టేవాడు:
మార్చాలి. సీట్లు నిండడం లేదంటే పిల్లలూ తల్లిదండ్రులూ తమ తీర్పు చెప్పేసినట్టే. సుమారు వెయ్యి ఎకరాల ప్రాంగణం, అందులో ఎక్కువ భాగం అడవి, సముద్రపు పాయ ఒడ్డున సొంత తీరం, పైగా సొంత పొలం. ఇంత తక్కువ మందికి ఇదంతా ఎందుకు? భవనం పైకప్పు బాగు చేయించాలన్నా, చలికాలం హీటింగ్ నడపాలన్నా లోపల ఎంతమంది ఉన్నారని ఖర్చు తగ్గదు కదా. ప్రైవేటు కాలేజీ తన డబ్బుతో ఏ ప్రయోగమైనా చేసుకోవచ్చు. ప్రభుత్వ కాలేజీ ముందుగా ఇవ్వాల్సింది పేరు చెప్పగానే ఉద్యోగమిచ్చేవాళ్లకు అర్థమయ్యే డిగ్రీ. 2017లో జాతి వివక్ష విషయమై విద్యార్థుల నిరసనలతో అక్కడ జరిగిన గొడవ దేశమంతా చూసింది. ఆ తర్వాతైనా పద్ధతి మార్చుకోవద్దా?

పాత విద్యార్థిని:
పన్ను కట్టేవాడు గారూ, నేను అక్కడే చదివాను, ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నాను. చేరికలు తగ్గడం 2017కు కొన్నేళ్ల ముందే మొదలైంది. ఆ గొడవ నష్టాన్ని పెంచిన మాట నిజమే. కానీ అదొక్కటే కారణమంటే అసలు జబ్బు కనబడకుండా పోతుంది.

ఈ కాలేజీ ఏదో దారి తప్పి ఇలా తయారైంది కాదు. 1967లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి పెట్టింది, 1971లో తరగతులు మొదలయ్యాయి. మొదటి అధ్యక్షుడు చార్లెస్ మెక్‌కాన్ డిపార్ట్‌మెంట్లు, అధ్యాపకుల మధ్య హోదాలు, తప్పనిసరి కోర్సులు, గ్రేడ్లు, ఈ నాలుగూ వద్దన్నారు. మరి వాటి స్థానంలో ఏముండాలి? తొలి డీన్లలో ఒకరైన మెర్విన్ కాడ్వాలడర్‌కు దారి చూపింది అంతకు ముందు, 1927లో విస్కాన్సిన్‌లో అలెగ్జాండర్ మైకల్‌జాన్ మొదలుపెట్టిన ప్రయోగ కళాశాల. ఒక పెద్ద ప్రశ్న తీసుకుని, దానికి అవసరమైన శాస్త్రాలన్నీ ఒకేచోట కలిపి చదవడం అన్నది అలా వచ్చింది.

ఉదాహరణకు సాల్మన్ చేపల మీద ఒక ప్రోగ్రామ్ పెట్టారనుకోండి. చేప జీవితచక్రం అర్థం కావాలంటే జీవశాస్త్రం కావాలి, నది నీళ్లు పరీక్షించడానికి రసాయనశాస్త్రం కావాలి. చేపలు ఎవరివి అన్న ప్రశ్న రాగానే 1974 నాటి బోల్ట్ తీర్పు చదవాలి. ఒప్పందాలు చేసుకున్న ఆదివాసీ తెగలకు పట్టదగిన చేపల్లో సగం వాటా ఉందని ఫెడరల్ కోర్టు చెప్పింది ఆ తీర్పులోనే. ఇవి మూడు డిపార్ట్‌మెంట్లలో మూడు కోర్సులుగా ఉంటే, వాటిని కలుపుకునే భారం పద్దెనిమిదేళ్ల పిల్లల మీద పడుతుంది. ఇక్కడ ఆ పని అధ్యాపకులే ఒకరి ఎదుట ఒకరు, విద్యార్థుల ముందు చేస్తారు. వాళ్లలో వాళ్లు విభేదించడం కూడా మేము చూశాం. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది అదే.

మీరు అక్కర్లేదన్న అడవి, తీరం, పొలం అలంకారాలు కావు. జీవావరణం చదివేవాళ్లకు ఆ అడవే ప్రయోగశాల, వ్యవసాయం చదివేవాళ్లు ఆ పొలంలోనే పంట వేస్తారు. 1995లో ప్రారంభమైన లాంగ్‌హౌస్ అనే భవనం ఈ ప్రాంతపు ఆదివాసీ సముదాయాల కళలకు, సమావేశాలకు వేదిక.

గ్రేడ్లు లేవంటే పరీక్ష లేదని కాదు. కాలేజీ తన పట్టభద్రుల నుంచి ఆరు విషయాలు ఆశిస్తుంది, అందులో మొదటిది తన పనికి తానే బాధ్యత వహించడం. అందుకే టీచర్ నివేదికతో పాటు మేము కూడా స్వీయ మూల్యాంకనం రాయాలి. పని పూర్తి చేయకపోతే క్రెడిట్ రాదు.

ఇదే తరహాలో కొద్దిమంది కలిసి కూర్చుని చర్చించే సెమినార్ చదువు పోర్ట్‌లాండ్‌లోని రీడ్ లాంటి ప్రైవేటు కాలేజీల్లోనూ దొరుకుతుంది. అక్కడి ఫీజు కట్టగలిగేవాళ్లు ఎంతమంది? ఎవర్‌గ్రీన్‌ను మామూలు కాలేజీ చేస్తే ఇలాంటి చదువు డబ్బున్న ఇళ్ల పిల్లలకే మిగులుతుంది. నా వాదనంతా ఇదే.

రెజ్యూమేలు చూసేవాణ్ణి:
ఉద్యోగాలిచ్చే వైపు నుంచి చెబుతున్నాను. ఎవర్‌గ్రీన్ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే ఆ నివేదికలన్నీ కలిపిన రికార్డు, పేజీలకు పేజీలు ఉంటుంది. మొత్తం చదివే తీరిక ఎవరికీ లేదు. కానీ చదివినప్పుడు ఆ మనిషి జట్టులో ఎలా పని చేస్తాడో, ఎక్కడ తడబడతాడో తెలుస్తుంది. 3.4 జీపీఏ (గ్రేడ్ల సగటు) అది చెప్పదు. పీజీ దరఖాస్తుల్లో జీపీఏ అడిగే చోట మాత్రం వీళ్లకు అదనపు పని తప్పదు, అది దాచకూడదు.

శాంటా క్రూజ్ వాసి:
కాలిఫోర్నియాలో మాకూ ఈ అనుభవం ఉంది. 1965లో తెరిచిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ క్యాంపస్‌లో కూడా టీచర్లు రాసిన నివేదికలే ఇచ్చేవారు. క్యాంపస్ పెరిగింది. వందల మంది కూర్చునే తరగతిలో ప్రతి ఒక్కరి గురించి ఏం రాస్తారు? 2000లో అధ్యాపకులే ఓటు వేసి గ్రేడ్లు తప్పనిసరి చేశారు, 2010లో నివేదికలను ఐచ్ఛికం చేశారు. ఎవర్‌గ్రీన్‌ను పెద్దది చేసి కాపాడదామనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పన్ను కట్టేవాడు:
మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే నా వాదనే బలపడుతోంది. పెద్దదైతే పద్ధతి నిలవదు, చిన్నదిగా ఉంటే ఖర్చు నిలవదు. పేద పిల్లల గురించి పాత విద్యార్థిని గారన్నది నన్ను ఆలోచింపజేసింది, ఒప్పుకుంటాను. కానీ అప్పు చేసి చదివే పిల్లకు రేపటి జీతం కూడా ముఖ్యమే కదమ్మా.

మిన్నెసోటా మిత్రుడు:
ఎవర్‌గ్రీన్‌ను పెద్ద విశ్వవిద్యాలయంలో కలిపేయాలా, మార్చాలా అనే ముందు మా రాష్ట్రంలో మోరిస్ క్యాంపస్‌ను చూడండి. అది ఒకప్పుడు ఆదివాసీ పిల్లలను ఉంచిన బోర్డింగ్ స్కూలు. 1909లో ఫెడరల్ ప్రభుత్వం ఆ స్థలాన్ని రాష్ట్రానికి ఇస్తూ ఆదివాసీ విద్యార్థులకు ఫీజు లేకుండా చదువు చెప్పాలని షరతు పెట్టింది. 1960 నుంచి అక్కడ మిన్నెసోటా విశ్వవిద్యాలయపు చిన్న లిబరల్ ఆర్ట్స్ (కళలు, శాస్త్రాలు విస్తృతంగా చదివించే) క్యాంపస్ నడుస్తోంది, ఆ షరతు ఇప్పటికీ అమల్లో ఉంది. పెద్ద విశ్వవిద్యాలయంలో భాగమైనా దాని లక్ష్యం చెదరలేదు.

ఫ్లోరిడాలో న్యూ కాలేజీ కథ వేరు. 1964లో ప్రైవేటుగా మొదలై, అప్పుల వల్ల 1975లో ప్రభుత్వ వ్యవస్థలోకి వచ్చి, 2001లో స్వతంత్రమైంది. 2023లో గవర్నర్ ట్రస్టీలను (పాలక మండలి సభ్యులను) మార్చగానే దిశ మారిపోయింది, చాలామంది అధ్యాపకులు వెళ్లిపోయారు. ప్రభుత్వ కాలేజీకి అసలు ప్రమాదం ఖాళీ సీట్ల కన్నా ఇలాంటి రాజకీయ జోక్యంతోనే ఎక్కువని నా అభిప్రాయం.

పాత విద్యార్థిని:
ఎవర్‌గ్రీన్‌కూ ఆ ముప్పు వచ్చింది. దాన్ని మూసేయాలని చట్టసభలో ప్రయత్నాలు జరిగిన రోజుల్లో 1977 నుంచి 1983 దాకా అధ్యక్షుడిగా నిలబెట్టింది డాన్ ఎవాన్స్. గవర్నరుగా ఆ కాలేజీ చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే, రిపబ్లికన్.

పన్ను కట్టేవాడు గారూ, జీతం మాట నేను కొట్టిపారేయను. కొన్ని ప్రోగ్రాములు ఒక ఏడాది ఉండి మరుసటి ఏడాది కనబడవు, సైన్సు పిల్లలకు అది నిజంగా ఇబ్బంది. ఏ దారిలో ఏ ఏడాది ఏముంటుందో ముందే రాసి ఇవ్వమనండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. సెమినార్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

బెల్‌వ్యూ నాన్న:
చాలా థాంక్స్ అండీ. అమ్మాయికి రసాయనశాస్త్రం ఇష్టం. క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు మొదటి ఏడాది తర్వాత దానికి కొనసాగింపు ఏముందో, రెండో ఏడాది ఎవరు చెబుతారో అడుగుతాం. ఒక సెమినార్‌లో కూర్చోనిస్తారేమో కూడా కనుక్కుంటాను.

పన్ను కట్టేవాడు:
ఆ గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి ఇక్కడ రాయండి సర్. పాతిక దాటితే నేను మళ్లీ వాదనకు వస్తాను.