“ఉప్పు కరగ రెండు...” తర్వాతి మూడక్షరాలు ఏవి?

పెన్న ఒడ్డు (కడప):
ఇంటర్‌లో మాకు రసాయనశాస్త్రం చెప్పిన మాస్టారు ఒక ఆటవెలది పాదం చదివేవారు. ఆయన సొంతంగా కట్టినదే. ఈ వారం డిగ్రీ పిల్లల చేత 300 మిల్లీఆస్మోల్ (నీళ్లలో కరిగిన కణాల లెక్క ఇది) ఉప్పు ద్రావణం చేయిస్తుంటే ఆ పాదం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. “ఉప్పు కరగ రెండు – – – చక్కెర”. నడుమ మూడక్షరాలు జారిపోయాయి. బోర్డు మీద రాద్దామని సుద్దముక్క పట్టుకున్నాను గానీ, సగం పాదం రాయడానికి మనసు ఒప్పలేదు. ఎవరికైనా తడుతుందా?

ఆటవెలది (అనంతపురం):
తట్టనక్కర లేదమ్మా, గణాలే చెబుతాయి. ఉప్పు, కరగ, రెండు: మూడు సూర్యగణాలు అయిపోయాయి, ఇక రావాల్సినవి రెండు ఇంద్రగణాలు. “చక్కెర” భగణం, అది అయిదోది. పోయింది నాలుగో గణం. మూడక్షరాలంటున్నారు కాబట్టి రగణమే (గురువు, లఘువు, గురువు) సహజం. పైగా అది యతిస్థానం, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు; మొదటి “ఉ”కు ఒ చెల్లుతుంది. కనుక “నొక్కటే”. నీళ్లలో ఉప్పు రెండు అయాన్లుగా, అంటే ఆవేశమున్న రెండు కణాలుగా, విడిపోతుంది, చక్కెర ఒక్కటిగానే ఉంటుంది. లెక్కా కుదిరింది, యతీ కుదిరింది.

గండికోట:
“నొంటిగా” కూడా రగణమే, యతి కూడా చెల్లుతుంది. “ఉప్పు కరగ రెండు నొంటిగా చక్కెర”. ఉప్పు జంటగా విడిపోతే చక్కెర ఒంటరిగా మిగిలిందన్న చిత్రం కళ్లకు కడుతుంది. పద్యం కట్టగల మాస్టారు “ఒక్కటే” అని వట్టి లెక్క చెప్పి ఊరుకుంటారా?

తుంగభద్ర (కర్నూలు):
ఒక్కటే కానివ్వండి, ఒంటిగా కానివ్వండి, ముందు ఆ “న” ఎక్కడిదో తేల్చండి. “రెండు” మీద అచ్చు వస్తే “రెండొక్కటే” కావాలి. “న” వచ్చిందంటే అది “రెండును + ఒక్కటే”. అప్పుడు అర్థం తిరగబడుతుంది: రెండూ ఒక్కటే! ఉప్పూ చక్కెరా సమానమని పిల్లలకు చెప్పినట్టవుతుంది. నా పాఠం “రెండ యొక్కటే”. “రెండ” అంటే రెండే అన్న అవధారణ, ఆపైన యడాగమం. గణం చెడదు, యతి చెడదు, అర్థం నిలుస్తుంది.

ఆటవెలది (అనంతపురం):
తుంగభద్ర గారూ, ఇంటర్ పిల్లల ముందు “రెండ” అని ఎవరు చదువుతారండీ?

కొలజాడి (కర్నూలు):
ముప్పై ఏళ్లుగా ద్రావణాలు కలుపుతున్నవాణ్ని. నాకు “న” కాదు, “రెండు” దగ్గరే అభ్యంతరం. లీటరుకు 9 గ్రాముల ఉప్పు అంటే 154 మిల్లీమోల్, రెండు అయాన్లు కాబట్టి రెట్టిస్తే 308 మిల్లీఆస్మోల్. సెలైన్ సీసా మీద అచ్చయ్యే అంకె అదే. అదే ద్రావణాన్ని ఆస్మోమీటరులో (ఆస్మోళ్లు కొలిచే పరికరం) పెడితే 286 దగ్గర చూపిస్తుంది. ఎదురు ఆవేశాలున్న అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టి పూర్తిగా రెండుగా ప్రవర్తించవు. రెండును 0.93తో గుణించాలి, అంటే 1.86. అమ్మా, మీ 300కు పుస్తకం లెక్కన 8.77 గ్రాములు చాలు. పరికరం మీద 300 కనబడాలంటే దాదాపు 9.4 గ్రాములు కావాలి. పిల్లలకు రెండూ చూపించండి. లీటరు నీళ్లలో ఉప్పు వేయడం కాదు, ముందు కొన్ని నీళ్లలో కరిగించి తర్వాత లీటరు గీత దాకా నింపడం అని కూడా గట్టిగా చెప్పండి.

ఒక సంగతి. ఆ పరికరం చూసేది గడ్డకట్టే ఉష్ణోగ్రతను. కిలో నీటిలో ఒక ఆస్మోల్ ఉంటే అది 1.86 డిగ్రీలు దిగుతుంది. పై 1.86కూ దీనికీ సంబంధం లేదు. నా దగ్గర పనిచేసిన కుర్రవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి ఎన్నిసార్లు తప్పు చేశారో!

గండికోట:
మీరు చెప్పిందే వేమన చెప్పాడు: “ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు”. మాస్టారి పాదానికి మూస అదే. ఇందులోనూ “ఉ”కు “నొక్క”లోని ఒకారంతో యతి. తెల్లటి పొడుల సీసాలు వరసగా ఉన్న గదిలో ఆ పద్యం ఎంత నిజమో చూడండి. అక్కడ “రుచుల జాడ” పట్టడానికి నాలుక పనికిరాదు, సీసా మీది చీటీ ఒక్కటే ఆధారం. కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ముందు నిలబడి ఈ పద్యం పైకి చదివాను. ఆ రోజు మరవలేను.

తుంగభద్ర (కర్నూలు):
మీరే నా వాదానికి బలమిచ్చారు. వేమన పాదంలో “న” సముచ్చయం: ఉప్పును, కప్పురంబును. అక్కడ రెండింటినీ ఒక పోలికలో కలపాలి, కాబట్టి సరిపోయింది. మాస్టారు విడదీయాలి, కలపకూడదు. మూస అరువు తెచ్చుకుంటే ఆ “న” కూడా వెంట వచ్చేసింది. వేమన పద్యాలకే పాఠాంతరాలు ఎన్ని! కడపలో ఉన్న బ్రౌను రాతప్రతులు పోల్చి చూసి 1829లో అచ్చు వేయించాడు. ఒక్క మాస్టారి పాదానికి ఆమాత్రం పరిశీలన చేయలేమా?

కొలజాడి (కర్నూలు):
అక్షరం గురించే అయితే నాదీ ఒకటుంది. ఆస్మోలారిటీలో “రి” అంటే లీటరు ద్రావణానికి, ఆస్మోలాలిటీలో “లి” అంటే కిలో నీటికి. లీటరులో “లీ” ఉంది కదా అని పిల్లలు తారుమారు చేస్తారు. చీటీ మీద ఒక్క అక్షరం మారితే ప్రమాణమే మారిపోతుంది. పలచని ద్రావణంలో తేడా స్వల్పం, చిక్కబడేకొద్దీ పెరుగుతుంది.

ఆటవెలది (అనంతపురం):
రలయోరభేదః, ర, లలకు భేదం లేదు అన్నారు. పద్యంలో ర, లలకు యతి చెల్లుతుంది. మీ గదిలో చెల్లదన్నమాట.

పెన్న ఒడ్డు (కడప):
అందరికీ నమస్కారం. నాతో చదివిన స్నేహితురాలికి ఫోను చేశాను. మొదటి పాదం తనకూ నాకున్నంతే గుర్తుంది. రెండో పాదం చివర మాత్రం “మూడు” అని ఉందట. కాల్షియం క్లోరైడు అయి ఉంటుంది, అది మూడు అయాన్లవుతుంది. రెండు, ఒకటి, మూడు అని లెక్క సాగితే “ఒక్కటే” వైపు మొగ్గుతున్నాను. “న” సంగతి తెలియదు.

తుంగభద్ర (కర్నూలు):
సోడియం సల్ఫేటు కూడా మూడే. తొందరపడకండి.

ఆటవెలది (అనంతపురం):
“మూడు” చివరి సూర్యగణం. ముందు ఇంకా నాలుగు కావాలి. ఆమె పాత నోటుపుస్తకం ఉందేమో అడగండమ్మా.