శాలిహుండం కుండ పెంకులు: అన్నీ ఒకేలా ఉంటే కార్ఖానా ఉన్నట్టేనా?

కొండెక్కినవాడు:
మొన్న ఆదివారం శాలిహుండం వెళ్ళాను. శ్రీకాకుళం జిల్లాలో వంశధార గట్టున ఉన్న ఈ బౌద్ధ క్షేత్రం తవ్వకాల్లో నలుపు-ఎరుపు కుండలతో పాటు రౌలెటెడ్ పళ్ళేలూ దొరికాయి. లోపలి అడుగున వలయాలుగా సన్నటి నొక్కులుంటాయే, అవి. ఎక్కడ దొరికినా దాదాపు ఒకటే తీరు. అందుకే నా వాదన: రెండు వేల ఏళ్ళ కిందటే మన సిక్కోలులో పెద్ద కార్ఖానాలు నడిచాయి. కాదనేవాళ్ళు చెప్పండి.

రేవు మాస్టారు:
నేను కాదంటాను. 1945లో పుదుచ్చేరి దగ్గరి పాత రేవు అరికమేడుని తవ్విన పురావస్తు శాస్త్రవేత్త వీలర్ ఈ పళ్ళేలకి రోముతో ముడిపెట్టాడు. తర్వాత మట్టిని పరీక్షిస్తే మన దేశపు మట్టే అని తేలింది. 2005 నాటి రసాయన పరీక్షల్లో అయితే అరికమేడు పెంకులూ, శ్రీలంకలోని అనురాధపురం పెంకులూ ఒకే మూలానివన్నారు. ఎక్కడో చేసి ఓడల్లో పంపారన్నమాట. శాలిహుండం పళ్ళెం కూడా ఆ మట్టిదే అయితే, ఇక్కడ సరుకు దిగిందని తెలుస్తుంది, అంతే. మా ఇంట్లో పింగాణీ కప్పులున్నాయి, శ్రీకాకుళంలో పింగాణీ ఫ్యాక్టరీ ఉందా?

సారె మనవడు:
మాది విజయనగరం దగ్గర పల్లె, కుమ్మరి ఇల్లు. మా తాత ఏ కొలబద్దా ముట్టకుండా చేసిన కుండలన్నిటికీ ఒకే సైజు మూకుడు సరిపోయేది. చేతి అలవాటు అది. కార్ఖానా కాదు, పెరడు.

ఇంకోటి. సారె (కుమ్మరి చక్రం) మీద మూతి, మెడ వరకే పూర్తిగా తీసేవాడు. కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి, పొట్ట సాగదీసి అడుగు మూసేవాడు. ఆ కుండ పగిలితే మెడ పెంకు మీద సారె గీతలుంటాయి, పొట్ట పెంకు మీద రాయి గుంటలుంటాయి. పొట్ట పెంకు ఒక్కటే దొరికినవాడు, వీళ్ళకి సారె తెలీదని రాసేస్తాడు! (మట్టి తొక్కడం నుంచి ఆరబెట్టడం దాకా సగం పని మా నానమ్మదే. అది ఏ పెంకు మీదా ఉండదు.)

కొండెక్కినవాడు:
ఒకే సైజుకి కార్ఖానా అక్కర్లేదని ఒప్పుకున్నాను. మరి ఆ నొక్కులో? తిరుగుతున్న పళ్ళేనికి సన్నటి రేకు ఆనిస్తే అది అదిరి పడ్డాయని కొందరు, పళ్ళ చక్రం దొర్లించారని కొందరు అంటారు. ఏదైనా అందరికీ వచ్చే పని కాదు. దానికంటూ పనివాళ్ళు ఉండి తీరాలి.

రేవు మాస్టారు:
ఉన్నారు బాబూ, ఎక్కడున్నారనేదే గొడవ. ఇక్కడే అనాలంటే కుండలు కాల్చిన ఆవం చూపించు. ఎక్కువ కాలి వంకర తిరిగినవి, ఒకదానికొకటి అతుక్కుపోయినవి చూపించు. చెడిపోయిన కుండని ఎవడూ ఓడెక్కించడు, చేసినచోటే పారేస్తాడు. మన కుమ్మరి పని ఎలా మారిందో తెలియాలంటే ఈ షోకు పళ్ళేలు వదిలేసి వంట కుండలు పట్టుకోవాలి. కింది పొర నుంచి పై పొరకి మట్టిలో ఇసుక ఎంత మారింది, గోడ ఎంత పలచబడింది అన్నది చూడాలి.

సారె మనవడు:
నలుపు-ఎరుపు కుండని కూడా వదలకండి మాస్టారూ. బోర్లించి కాలిస్తే లోపల గాలాడక నల్లబడుతుంది, బయట ఎర్రబడుతుంది. మంట మీద పట్టు లేనివాడికి అలా రాదు. ఇక వంకర కుండలంటారా, మా తాత ఆవం ఉన్నచోట పార వేస్తే ఇప్పటికీ అవే. రండి, చూద్దురు గాని.