"అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. మరి ఏం అడగాలి?

వార్డు_నర్స్:
డిశ్చార్జి రోజున మందుల గురించి పది నిమిషాలు చెప్పి "అర్థమైందా?" అంటే "ఆ, అయింది" తప్ప వేరే జవాబు రాదు. కాలేదనడానికి మొహమాటం. ఇంటికెళ్లాక ఏ మాత్ర ఎప్పుడో తెలియదు. భాష వేరైతే మరీ కష్టం. ఏ పద్ధతి పనిచేస్తోందో, ఎక్కడ బెడిసికొడుతోందో వివరంగా రాయండి.

ఫార్మసీ_కౌంటర్:
ప్రశ్న మార్చండి. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. రేపు లేచాక ఈ మందులు ఎలా వేసుకుంటారో చెప్పండి." పరీక్ష మనకే అన్నట్టుండాలి. పాఠం అప్పజెప్పమన్నట్టుంటే నోరు పెగలదు. రెండు మూడు విషయాలు చెప్పగానే ఆగి అడగాలి, అన్నీ అయ్యాక కాదు. తప్పు చెబితే అవే మాటలు గట్టిగా అనడం దండగ, వేరే మాటల్లో చెప్పాలి.

నోటితో చెప్పించడం కూడా చాలదు. "రెండు మాత్రలు, రోజుకు రెండుసార్లు" అన్న లేబుల్‌ని 2006 నాటి ఒక అమెరికా అధ్యయనంలో, చదవడం సరిగా రానివాళ్లలో 70 శాతం మంది తప్పులేకుండా చదివేశారు. రోజుకు ఎన్నో లెక్కపెట్టి చూపమంటే దాదాపు సగానికి సగం తగ్గిపోయారు. కాబట్టి మాత్రలు అరచేతిలో పెట్టి లెక్కపెట్టించండి. లేబుల్ మీద "ఉదయం 8కి రెండు, రాత్రి 8కి రెండు" అని రాయండి.

పిల్లల_వార్డు:
సిరప్ దగ్గర చెంచా మాట ఎత్తొద్దు, ఇంటి చెంచాలు ఏ రెండూ ఒక్క కొలతలో ఉండవు. 5 మి.లీ. నోటి సిరంజి ఇచ్చి, 2.5 గీత మీద పెన్నుతో గుర్తు పెట్టి, మంచినీళ్లు లాగించి చూడండి. పిస్టన్ పై అంచు గీతకు తాకిందా? మధ్యలో గాలి బుడగ ఉందా? మందు గొంతులోకి కొట్టకుండా చెంప లోపలివైపు కొద్దికొద్దిగా పొయ్యాలి.

చీటీ మీద ".5" అని ఎప్పుడూ రాయకండి. చుక్క కనబడకపోతే అది 5, అంటే పదింతల డోసు. "0.5" అనే రాయాలి. అదే కారణంతో "5.0" కూడా వద్దు. పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.కి 120 మి.గ్రా.దీ ఉంది, 250 మి.గ్రా.దీ ఉంది. సీసా మారితే మి.లీ. మారుతుందని విడిగా చెప్పాల్సిందే.

దుబాసీ:
భాష వేరైనప్పుడు ఇంట్లో పిల్లల్ని మధ్యలో పెట్టడం దయచేసి మానండి. తల్లికి వచ్చిన జబ్బు పేరు పన్నెండేళ్ల బిడ్డ నోటితో చెప్పించడం అన్యాయం. పెద్దవాళ్లయినా చెడు కబురు మింగేస్తారు, లేదా తామే జవాబిచ్చేస్తారు. శిక్షణ ఉన్న ఇంటర్‌ప్రెటర్ గదిలో లేకపోతే ఫోన్ స్పీకర్‌లో పెట్టండి, గదిలో ఎవరెవరున్నారో ముందే చెప్పండి. మాట్లాడేది పేషెంటుతో, చూపూ పేషెంటు మీదే. "ఆమెను అడగండి" కాదు, "మీకు నొప్పి ఎక్కడ?" ఒకటి రెండు వాక్యాలకు ఆగాలి.

"పాజిటివ్ వచ్చింది" అనకండి, అది మంచి వార్తలా వినిపిస్తుంది. "జబ్బు ఉన్నట్టు తేలింది" అనండి.

కుటుంబం తరఫున ఒక పెద్దాయనే మాట్లాడుతుంటే ఆయన్ని తోసేయొద్దు. అంతకంటే ముందు, ఎవరూ లేనప్పుడు, "మీ సంగతులు ఎవరి ముందు చెప్పమంటారు?" అని పేషెంటునే అడిగి కేస్‌షీటులో రాసుకోండి.

వార్డు_నర్స్:
చాలా ఉపయోగపడేవి రాశారు. మరి బొమ్మల కాగితం ఇస్తే?

దుబాసీ:
ఇవ్వండి, కానీ అడ్డంగా పేర్చొద్దు. ఉర్దూ, అరబిక్ చదివేవాళ్ల చూపు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ముందు జబ్బు, తర్వాత మందు, ఆ తర్వాత ఆరోగ్యం అని మీరు వేసింది తలకిందులవుతుంది. పై నుంచి కిందికి పేర్చి అంకెలు వేయండి. అచ్చుకు పంపేముందు ఆ భాషవాళ్లు ఐదారుగురికి చూపించి "ఇందులో ఏం చెయ్యమంటున్నారు?" అని అడగండి. ఇద్దరు తడబడినా బొమ్మ మార్చండి.